బిల్లు చదివేదెవరు?

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 26వ సెక్షన్. ఈ పేరు వినని రాజకీయ నాయకుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉండడు. అసెంబ్లీ స్థానాలు ఆంధ్రలో 175 నుంచి 225కి, తెలంగాణలో 119 నుంచి 153కి పెరుగుతాయని అందులో రాసి ఉంది. ఆ కొత్త సీట్ల మీద ఆశతో ఎంతమంది కండువాలు మార్చారో, ఎంతమంది ఏళ్ల తరబడి ఎదురుచూశారో చెప్పక్కర్లేదు. అయితే ఆ సెక్షన్ మొదలయ్యేదే రాజ్యాంగంలోని 170వ అధికరణానికి లోబడి అనే షరతుతో. ఆ అధికరణమేమో, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల వివరాలు వచ్చేదాకా సీట్ల సంఖ్య జోలికి వెళ్లొద్దంటుంది. అంటే చట్టం ఒక చేత్తో ఇచ్చి, అదే వాక్యంలో రెండో చేత్తో ఆపింది. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పి సీట్ల పెంపు పిటిషన్‌ను కొట్టేసింది. 2014లో బిల్లు చేతిలో పడినరోజే తెలియాల్సిన విషయం తేలడానికి పదకొండేళ్లు పట్టింది.

అదే బిల్లు రాజ్యసభకు వచ్చిన 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. ఐదు చాలదు, పదేళ్లు కావాలని వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. ఐదా పదా అన్న వాదన ఇప్పటికీ మనకు గుర్తుంది. ఆ హామీ ఏ క్లాజులో ఉంది అన్న ప్రశ్న మాత్రం ఆ హోరులో గట్టిగా వినపడలేదు. ఏ క్లాజులోనూ లేదు. తర్వాత పదేళ్ల ఆంధ్ర రాజకీయాలు, దీక్షలూ బంద్‌లూ ఎంపీల రాజీనామాలతో సహా, కాగితం మీదికి ఎక్కని ఆ మాట చుట్టూ తిరిగాయి.

సభలో గొంతెత్తి మాట్లాడేవాళ్లకు మనకు కొదవ లేదు. కొదవ అల్లా, ముసాయిదా చేతికి రాగానే దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, ‘అయ్యా, ఇక్కడ తిరకాసు ఉంది’ అని చెప్పగలవాళ్లకు. అలాంటి మనిషి ఒక్క ఏడాదిలో తయారవడు. అయినా మన రాజకీయ చర్చల్లో ఇప్పుడు పాతుకుపోయిన అభిప్రాయం దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంది. చట్టసభల సచివాలయాల్లో పాతికేళ్లూ ముప్ఫయ్యేళ్లూ పనిచేసేవాళ్లు ఫైళ్ల కాపలాదారులట. ప్రజలు ఓటేసింది ఎమ్మెల్యేకి గానీ గుమస్తాకి కాదట. ఏ శాఖ నుంచి ఏ అధికారిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టినా పని నడిచిపోతుందట. మిగతాది కుర్ర కన్సల్టెంట్లు చూసుకుంటారట. ఇక నాయకుల ప్రసంగాలూ నోట్లూ రాస్తూ జీవితం గడిపినవాళ్ల సంగతంటారా, వాళ్లది కిరాయి కలం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

టీవీ చర్చల్లో ఈ మాటలు అంటున్నవాళ్లంతా చెడ్డవాళ్లేం కాదు. కొందరు నిజంగానే పరిపాలన బాగుపడాలని కోరుకునేవాళ్లు. కానీ ఈ అభిప్రాయం వల్ల లాభపడేది ఎవరో ఒకసారి చూడండి. చట్టసభకు సొంత జ్ఞాపకం లేకపోతే ప్రజలకు ఒరిగేదేమీ లేదు. అధికారంలో ఉన్న ప్రభుత్వానికి, అది ఏ పార్టీదైనా సరే, ఒక అడ్డు తొలగిపోతుంది. అంతే.

‘ఎన్నికకాని వాళ్లు’ అనే అభియోగం దగ్గర మొదలుపెడదాం. వినడానికి అదే అన్నిటికంటే ప్రజాస్వామికంగా ఉంటుంది గనక. చరిత్ర మాత్రం వేరే చెబుతోంది. 1925లో కేంద్ర శాసనసభ అధ్యక్షుడిగా ఎన్నికైన విఠల్‌భాయ్ పటేల్‌కు త్వరలోనే ఒక ఇబ్బంది ఎదురైంది. సభ ఆయనది, సిబ్బంది ప్రభుత్వానిది. సభ్యుడు వేసే ప్రశ్న ముందు చేరేది ఎవరిని ప్రశ్నిస్తున్నాడో వాళ్ల మనుషుల బల్ల మీదికి. అధ్యక్షుడికి సలహా చెప్పాల్సిన అధికారి భవిష్యత్తు వైస్రాయ్ ప్రభుత్వం చేతిలో ఉంది. సభకు తన సొంత కార్యాలయం ఉండాలని ఆయన పోరాడాడు. 1928 సెప్టెంబరులో ఆ తీర్మానం పెట్టింది మోతీలాల్ నెహ్రూ. 1929 జనవరి 10న అసెంబ్లీకి ప్రత్యేక విభాగం ఏర్పడింది. స్వాతంత్ర్యోద్యమం తెల్లదొరల దగ్గర గెలుచుకున్నవాటిలో ఇదీ ఒకటి. పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటు దొరకలేదు. లాఠీ దెబ్బల కథ కాదు మరి, ఆఫీసు కథ. అదే సూత్రం తర్వాత రాజ్యాంగంలోకి ఎక్కింది: పార్లమెంటుకు 98వ అధికరణం, రాష్ట్రాల చట్టసభలకు 187వ అధికరణం. సభ సిబ్బంది ప్రభుత్వ సిబ్బంది నుంచి వేరుగా ఉండాలన్నది రాజ్యాంగం పెట్టిన నియమం. ఎవరో గుమస్తాలు సంఘం పెట్టుకుని సాధించుకున్న సౌకర్యం కాదిది.

ఆ రాజ్యాంగమైనా ఎలా తయారైంది? సలహాదారుగా ఉన్న బి.ఎన్. రావు 1947 అక్టోబరు నాటికి సిద్ధం చేసిన తొలి ముసాయిదాలో 243 అధికరణాలు, 13 షెడ్యూళ్లు. ఆయన ఏ నియోజకవర్గం నుంచీ ఎన్నిక కాలేదు. రాజ్యాంగ సభలో ఓటు కూడా లేదు. చివరికి 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లతో పూర్తయిన గ్రంథం కోసం ముసాయిదాకు సభ్యులు ప్రతిపాదించిన సవరణలు 7,635. అందులో సభలో ప్రవేశపెట్టినవే 2,473. ఈ వేల సవరణల్లో ఏది దేనితో ఢీకొంటుందో, ఏ కామా జరిపితే ఏ హక్కు మాయమవుతుందో రాత్రింబవళ్లు చూసినవాడు ఎస్.ఎన్. ముఖర్జీ, ముసాయిదా రచయిత. 1949 నవంబరు 25న అంబేడ్కర్ తన ముగింపు ప్రసంగంలో, పొగడ్త తనకే రాకూడదంటూ బి.ఎన్. రావు పేరు చెప్పి, ముఖర్జీ గురించి మరింత చెప్పారు. ఎంత జటిలమైన ప్రతిపాదననైనా తేటగా చట్టభాషలో పెట్టగల శక్తి ఆయనదని, ఆయన సాయమే లేకపోతే రాజ్యాంగం పూర్తి కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టేదని. కింద పనిచేసినవాళ్ల పేర్లు నిండు సభలో చెప్పడం అంబేడ్కర్‌కు చిన్నతనం అనిపించలేదు. మనకెందుకు అనిపిస్తోంది?

గుమస్తా పని అంటారు గదా, ఆ పనేమిటో కాస్త దగ్గరికెళ్లి చూద్దాం. ఒక ఎంపీ ప్రశ్న పంపుతాడు: ‘ఫలానా ప్రాజెక్టులో అవినీతి జరిగి రైతులు నాశనమైన మాట వాస్తవమేనా, సిగ్గులేని ఈ ప్రభుత్వం ఏం చేస్తోంది?’ లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ప్రకారం ప్రశ్నలో వాదన ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, నింద ఉండకూడదు, 150 మాటలు దాటకూడదు, అభిప్రాయం అడగకూడదు, కేంద్రం పరిధిలో లేని విషయం ఉండకూడదు. ఈ నోటీసు వచ్చినట్టే ఉంటే తిరస్కరించక తప్పదు. ప్రశ్నల విభాగంలో ఏమీ తెలియని మనిషి ఉంటే ఆ పనే చేస్తాడు, తప్పు పట్టడానికీ ఉండదు. తెలిసిన మనిషి ఉంటే కోపాన్ని పక్కన పెట్టి లోపలి సరుకు పైకి తీస్తాడు: ప్రాజెక్టు అంచనా వ్యయం ఎంత, ఇప్పటికి ఖర్చు ఎంత, కాంట్రాక్టు గడువు ఎన్నిసార్లు పెంచారు, పరిహారం అందని కుటుంబాలు ఎన్ని. మొదటి ప్రశ్నకు మంత్రి ఒక్క ‘లేదండీ’తో తప్పించుకునేవాడు. రెండోదానికి అంకెలు చెప్పి తీరాలి. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 మామూలు ప్రశ్నలు జాబితాకెక్కే సభలో ప్రతిపక్షం అసలు బలం ఈ దిద్దుబాటులో ఉంటుంది. దిద్దిన మనిషి పేరు ఎక్కడా ఉండదు.

ఇంకోటి మన దగ్గరిదే. 2013 డిసెంబరులో విభజన బిల్లు హైదరాబాద్ శాసనసభకు వచ్చినప్పుడు సభ్యులు ఇచ్చిన సవరణ ప్రతిపాదనలు తొమ్మిది వేలకు పైబడ్డాయి. బయట ఉద్యమాలు, లోపల పోడియం దగ్గర తోపులాటలు. టీవీలు చూపించింది అదే. ఆ తొమ్మిది వేలనూ క్లాజుల వారీగా వేరుచేసి, ఒకేలాంటివాటిని ఒకచోట చేర్చి, సభ్యుల ముందు పెట్టడానికి వీలైన రూపంలోకి తేవాల్సింది సచివాలయ సిబ్బంది. వాళ్లలోనూ రెండు ప్రాంతాల వాళ్లున్నారు, వాళ్ల ఇళ్లలోనూ అదే గొడవ. 2014 జనవరి 30న సభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. నేను ఆ తీర్మానం గురించి మాట్లాడటం లేదు. రాష్ట్రం రెండుగా చీలుతున్న రోజుల్లో కూడా ఆ కాగితాలు వరసలో ఉన్నాయంటే, అది ఆ గదుల్లో ఎప్పట్నుంచో కూర్చున్న మనుషుల అలవాటు వల్ల.

ఇక ‘కొత్త రక్తం’ వాదం. ఎక్కువకాలం ఒకేచోట ఉంటే మనిషి మొద్దుబారతాడు, అందుకని పైపదవులకు బయటి నుంచి అధికారులను తేవాలంటారు. వింటే సబబుగానే తోస్తుంది. ఇది ఆచరణలో ఎలా ఉంటుందో 2021లో రాజ్యసభలో చూశాం. సచివాలయంలోనే కింది నుంచి ఎదిగిన పి.పి.కె. రామాచార్యులును సెప్టెంబరులో సెక్రటరీ జనరల్‌గా నియమించారు. నవంబరు 12న ఆ కుర్చీలోకి ప్రత్యక్ష పన్నుల బోర్డు మాజీ ఛైర్మన్ పి.సి. మోడీ వచ్చారు. మధ్యలో పట్టుమని పది వారాలు. రామాచార్యులు తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసన వ్యవస్థకు సెక్రటరీ జనరల్‌గా పనిచేశారు గనక ఆయన అనుభవం మనకైనా కొంత అక్కరకొచ్చింది. వచ్చిన అధికారి సమర్థుడా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఆదాయపు పన్ను శాఖలో దాదాపు నలభయ్యేళ్లు గడిపిన మనిషిని ఎవరూ మొద్దుబారాడని అనరు, అనుభవజ్ఞుడంటారు. సభ నియమాలతో అన్నేళ్లు గడిపినవాడి దగ్గరికి వచ్చేసరికి అదే అనుభవం తుప్పు అవుతుంది. కొత్త రక్తం ఎప్పుడూ ప్రభుత్వ శాఖల వైపు నుంచే ఎందుకు ప్రవహిస్తుందో ఈ వాదన చేసేవాళ్లు చెప్పరు. విఠల్‌భాయ్ పటేల్ దేన్ని ఎదిరించాడో అదే తిరిగి వెనక గుమ్మంలోంచి వస్తోంది.

అమెరికాలో ఈ ప్రయోగం ముప్ఫయ్యేళ్ల కిందటే చేసి చూశారు. 1995లో న్యూట్ గింగ్రిచ్ స్పీకర్ కాగానే ప్రతినిధుల సభ కమిటీల సిబ్బందిలో మూడో వంతు కోత పెట్టారు. కాంగ్రెస్‌కు సాంకేతిక విషయాలు విడమరచి చెప్పడానికి 1972లో ఏర్పాటైన కార్యాలయాన్ని పూర్తిగా మూసేశారు. ఖర్చు తగ్గిస్తున్నాం, పాతుకుపోయినవాళ్లను పంపేస్తున్నాం అన్నారు. ఖాళీ అయిన కుర్చీలు మాత్రం ఖాళీగా ఉండలేదు. బిల్లు గురించి చెప్పేవాడు సభ లోపల దొరక్కపోతే సభ్యుడు బయట వెతుక్కుంటాడు. బయట సిద్ధంగా ఉండేది కంపెనీల లాబీ మనుషులు. వాళ్ల దగ్గర కాగితాలూ పొందిగ్గా ఉంటాయి, జీతాలూ బాగుంటాయి. ఇంటర్నెట్ కంపెనీల అధినేతలను పిలిచి విచారించిన రోజుల్లో సెనేటర్ల ప్రశ్నలు విని ప్రపంచం నవ్వుకుంది. నవ్వు సెనేటర్ల మీదికి పోయింది. ఆ పక్కన కూర్చుని చీటీ అందించాల్సిన నిపుణుణ్ణి ఇంటికి పంపిన నిర్ణయం మీదికి పోలేదు.

మన దగ్గర లాబీ మనిషి స్థానంలో కన్సల్టెంటు వచ్చాడు. 2019లో ఒక పార్టీకి ఐప్యాక్, 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కు సునీల్ కనుగోలు, 2024లో తెలుగుదేశానికి రాబిన్ శర్మ బృందం. ఎన్నికల యుద్ధగదుల ముచ్చట్లు పత్రికల్లో పేజీలకు పేజీలు చదివాం. వాళ్ల పని వాళ్లు చేశారు, తప్పు లేదు. కానీ ఎన్నిక గెలిచాక వచ్చే ఐదేళ్ల పని మాట? బడ్జెట్ పద్దుల మీద మాట్లాడాల్సిన ఎమ్మెల్యేకి ఆ పద్దులు విప్పి చెప్పే మనిషి ఒక్కడు లేడు. ఓటరు ఫోన్ నంబరు, కులం, మొగ్గు అన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి. గత పదేళ్లలో ప్రజా పద్దుల కమిటీ ఆ నియోజకవర్గపు సాగునీటి పనుల మీద ఏం రాసిందో మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. పీఆర్‌ఎస్ సంస్థ 2010 నుంచి యువతీయువకులను ఏడాది పాటు ఎంపీలకు సహాయకులుగా పంపుతోంది. చాలా మంచి పని. ఆ పిల్లలు చురుకైనవాళ్లు. అయితే సభ తీరు ఒంటబట్టే వేళకు ఏడాది అయిపోతుంది, కొత్తవాళ్లు మళ్లీ మొదటి నుంచి. ఏటా సాగనంపే వంటవాడితో పెళ్లి వంట చేయించినట్టు ఉంటుంది.

కమిటీల పరిస్థితి చూస్తే ఇంకా తేటతెల్లం. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు కమిటీ పరిశీలనకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అవి 16. మూడు సాగు చట్టాలు 2020లో ఏ కమిటీ గడపా తొక్కకుండా చట్టాలయ్యాయి. ఏడాది పాటు రైతులు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చున్నాక 2021 నవంబరులో చర్చ కూడా లేకుండా రద్దయ్యాయి. కమిటీ గదిలో ఏం జరుగుతుంది? సభ్యులు పార్టీ జెండా కొంచెం పక్కన పెడతారు, సాక్షులను పిలుస్తారు, సిబ్బంది వెనకటి నివేదికలు తీసి ముందు పెడతారు. 1950లో అంచనాల కమిటీకి తొలి అధ్యక్షుడైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మన చిత్తూరు జిల్లా మనిషి, తర్వాత లోక్‌సభ స్పీకర్. అప్పటి నుంచి శాఖల ఖర్చును పట్టి చూసే ఓపిక ఒకటి పార్లమెంటుకు అబ్బిందంటే, ఆ ఓపిక సభ్యులకంటే ఎక్కువగా సిబ్బందిది. సభ్యులు ఐదేళ్లకోసారి మారతారు గదా. బిల్లులు కమిటీకి వెళ్లకపోతే ఆ సిబ్బందికి పని ఉండదు. పని లేనప్పుడు ‘వీళ్లు చేసేదేముంది’ అని అనడం తేలిక. కాళ్లు కట్టేసి, పరుగెత్తడం రాదని వెక్కిరించడం ఇది.

అవతలివాళ్ల దగ్గర బలమైన సాక్ష్యం ఒకటుంది, దాన్ని నేనే చెబుతాను. 2020 జనవరి 22న ఆంధ్ర శాసనమండలి ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ మూడు రాజధానుల బిల్లులను తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. కమిటీ వేయాల్సిన ఫైలును మండలి కార్యదర్శి, నియమాలకు విరుద్ధమంటూ తిప్పి పంపారు. కమిటీ ఏర్పడనే లేదు. తెలంగాణలో ఫిరాయింపు పిటిషన్ల కథ చూడండి. 2024 సెప్టెంబరులో హైకోర్టు, ఆ పిటిషన్లను స్పీకర్ ముందు పెట్టి నాలుగు వారాల్లో విచారణ తేదీలు తేల్చమని చెప్పింది అసెంబ్లీ కార్యదర్శికి. ఆ ఆదేశాన్ని డివిజన్ బెంచి పక్కన పెట్టింది. చివరికి 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కే మూడు నెలల గడువు పెట్టింది. రెండుచోట్లా కథ ఒక కార్యదర్శి బల్ల దగ్గర ఆగింది. ‘చూశారా, ఈ సిబ్బంది అధికార పార్టీ చెప్పినట్టు ఆడతారు’ అంటారు.

ఆ కార్యదర్శులు ఏ ఉద్దేశంతో ఏం చేశారో తేల్చే పని నాది కాదు. అయినా ఒక్క మాట. సిబ్బంది మీద ఒత్తిడి ఉందనే అనుకుందాం. మరి మందేమిటి? పదవి ఎప్పుడు పోతుందో తెలియని మనిషికి నడుం నిలబెట్టి ‘ఇది నియమం, ఇలా చేయాలి’ అనే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఉద్యోగ భద్రత లేని చోట విధేయతే అర్హత. బయటి నుంచి తెచ్చిన అధికారికి రేపు తిరిగి వెళ్లాల్సిన సొంత శాఖ ఒకటుంది, అక్కడ పోస్టింగ్ ఇచ్చేది ప్రభుత్వం. అతను సభాపతి మాట వింటాడా, ముఖ్యమంత్రి కార్యాలయం మాట వింటాడా? రెండు ఉదంతాలూ సిబ్బందిని గట్టిపరచమని చెబుతున్నాయే గానీ పలచన చేయమని చెప్పడం లేదు. ఇక దొడ్డిదారి నియామకాల సంగతి. 2022లో ఉత్తరాఖండ్ అసెంబ్లీలో 228 అడ్డదారి నియామకాలను స్పీకరే రద్దు చేయాల్సి వచ్చింది. బంధువులకూ అనుచరులకూ సభ ఉద్యోగాలు పంచే రోగం ఇతర రాష్ట్రాల్లో లేదని ఎవరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేరు. ఆ రోగానికి పోటీ పరీక్ష మందు. మంచి ఉద్యోగిని ముప్ఫయ్యేళ్లు ఉండనివ్వడం ఆ రోగానికి కారణం కాదు.

కిరాయి కలం అనే తిట్టు దగ్గరికి వద్దాం. ఇది నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది.

థియోడర్ సోరెన్సన్ 1953లో సెనేటర్ కెనెడీ దగ్గర సిబ్బందిగా చేరాడు. కెనెడీ పేరుతో వచ్చిన పుస్తకానికి 1957లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో చాలా అధ్యాయాల తొలి ముసాయిదా తనదేనని సోరెన్సన్ 2008లో తన జ్ఞాపకాల్లో రాసేదాకా బయటపెట్టలేదు. ఆ బహుమతి తీసుకోవడం సబబా అని కెనెడీని అడగాలి. నిలదీయాల్సింది రాయించుకున్నవాణ్ణి, రాసినవాణ్ణి కాదు. మన దగ్గర హెచ్.వై. శారదాప్రసాద్ ఉన్నారు. క్విట్ ఇండియాలో జైలుకు వెళ్లిన మనిషి. 1966 నుంచి, జనతా ప్రభుత్వ కాలం మినహా, 1988 దాకా ఇందిరాగాంధీ, రాజీవ్‌ల ప్రసంగాల వెనక కలం ఆయనది. ఎమర్జెన్సీలోనూ అక్కడే ఉన్నారు, అది ఆయన మీద ఉండాల్సిన ప్రశ్నే. అడగండి. కానీ ఆ ప్రశ్న వేరు, రాసే వృత్తినే చులకన చేయడం వేరు. పి.వి. నరసింహారావు దగ్గర పనిచేసిన పి.వి.ఆర్.కె. ప్రసాద్ ‘అసలేం జరిగిందంటే’ రాయకపోతే ముఖ్యమంత్రుల గదుల్లో, ప్రధాని ఇంట్లో నిర్ణయాలు ఎలా జరిగాయో తెలుగు పాఠకుడికి ఎవరు చెప్పేవారు? టీవీ యాంకరా?

లోపల పనిచేసినవాడి రాతకు ఉండే విలువ వేరు. థామస్ ఎర్‌స్కిన్ మే 1831లో పదహారేళ్ల వయసులో బ్రిటిష్ కామన్స్ సభ లైబ్రరీలో చిన్న ఉద్యోగిగా చేరాడు. 1844లో అతను రాసిన సభా సంప్రదాయాల గ్రంథాన్ని ఆ సభ క్లర్కులు ఇప్పటికీ తిరగరాస్తూనే ఉన్నారు. మనకు ఆ స్థానంలో ఉన్నది కౌల్, శక్‌ధర్. లోక్‌సభ తొలి కార్యదర్శి ఎం.ఎన్. కౌల్, ఆయన తర్వాత 1964 నుంచి 1977 దాకా కార్యదర్శిగా ఉండి ఆపైన ప్రధాన ఎన్నికల కమిషనర్ అయిన ఎస్.ఎల్. శక్‌ధర్ కలిసి 1968లో తెచ్చిన పుస్తకం. స్పీకర్ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏ పార్టీవాళ్లయినా ఇబ్బంది వస్తే దాన్నే తిరగేస్తారు. సుభాష్ కాశ్యప్ 1953లో లోక్‌సభ సచివాలయంలో చేరాడు, అక్కడే ఎదిగి సెక్రటరీ జనరల్ అయ్యాడు. 1967లో హర్యానాలో గయాలాల్ రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారిన రోజుల్ని, ఆ ఫిరాయింపుల రాజకీయాన్ని లెక్కలతో సహా 1969లోనే పుస్తకంగా రాసిపెట్టినవాడు ఆయన. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చేసరికి లోక్‌సభ సెక్రటరీ జనరల్ కుర్చీలో ఉన్నదీ ఆయనే. పదహారేళ్లు ఒకే సమస్యను వెంటాడిన మనిషిని ఏ కన్సల్టెన్సీ ఇవ్వగలదు?

తెలుగువాళ్లలో వి.ఎస్. రమాదేవిని గుర్తుచేసుకునేవాళ్లు తక్కువైపోయారు. పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టి, కేంద్ర న్యాయశాఖలో శాసనాలు రాసే విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసి, 1990లో కొద్ది రోజులు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా, 1993 నుంచి 1997 దాకా రాజ్యసభ సెక్రటరీ జనరల్‌గా ఉన్నారు. ఆ పదవుల్లో కూర్చున్న తొలి మహిళ. తర్వాత గవర్నరయ్యారు. తెలుగులో రచనలూ చేశారు. ఎన్నికల సంఘంలో యాభయ్యేళ్లకు పైగా న్యాయ వ్యవహారాలు చూసిన ఎస్.కె. మెందిరత్తాతో కలిసి ఆమె రాసిన ఎన్నికల చట్టాల గ్రంథం వకీళ్ల బల్లల మీద ఉంటుంది. మన పత్రికలు ఆమెను ‘గవర్నర్’గానే గుర్తుపెట్టుకున్నాయి. గవర్నర్ పదవి ఆమె జీవితంలో అన్నిటికంటే తక్కువ పని ఉన్న కాలమని నా అభిప్రాయం.

ఈ మధ్య మరో మాట మొదలైంది: బిల్లు సారాంశం కృత్రిమ మేధ క్షణంలో రాసిపెడుతుంది, ఇంక ఈ మనుషులెందుకని. రాస్తుంది, నిజమే. కానీ మంత్రి సభలో అన్న మాటకూ బిల్లులో ఉన్న మాటకూ తేడా కనిపెట్టి, సాయంత్రం ఆరింటికి సభ్యుడికి ఫోన్ చేసి ‘రేపు ఉదయం సవరణ ఇవ్వకపోతే ఇక కుదరదు సార్’ అనేది ఎవరు? ఆ ఫోన్ చేయడానికి సభ్యుడి మీద చనువు, నియమాల మీద పట్టు, తన ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం, మూడూ కావాలి.

రెండు రాష్ట్రాల స్పీకర్లకూ, మండలి ఛైర్మన్లకూ అడిగేది పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. సిబ్బందిని పోటీ పరీక్షతో తీసుకోండి, తీసుకున్నాక నిలవనివ్వండి. ప్రతి కమిటీకి సొంత పరిశోధకుణ్ణి ఇవ్వండి. బిల్లులను కమిటీలకు పంపండి, ఆ కమిటీ నివేదికలను చదవగలిగే తెలుగులో అచ్చువేయండి. రిటైరయ్యే ప్రతి సీనియర్ అధికారితో తాను చూసిన సభల గురించి ఒక పుస్తకం రాయించండి, మొహమాటం లేకుండా రాయనివ్వండి. కార్యదర్శి పదవి ఖాళీ అయిన రోజున ప్రభుత్వ శాఖల జాబితా తెప్పించుకోకండి. మీ సభలోనే ఇరవయ్యేళ్లుగా నోటీసులు దిద్దుతున్న మనిషిని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి.